పాత ట్రక్కులో కూలింగ్, ఏక్సిల్, ఫ్యూయల్ లైన్: ఏది ముందు, ఎలా

పాత ట్రక్కు చేతికి రాగానే మనసు ముందు పెద్ద టైర్ల మీదికే పోతుంది. నాదీ అలాగే పోయింది. 31 అంగుళాల టైర్లు పీకేసి 35 వేశాను, బండి ఎత్తుగా దర్జాగా కనిపించింది, నాలుగు రోజులు దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా. తర్వాత కొంచెం లోడు పెట్టుకుని మొదటి పెద్ద ఎత్తు ఎక్కాను. సగం దూరంలోనే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పాకింది, పికప్ పడిపోయింది, ఎలాగో పైకి చేరి పక్కకు ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోందే తప్ప అందుకోలేదు. రేడియేటర్ పోయింది, గేర్‌బాక్స్ పోయింది, పెట్రోల్ పంపు పోయింది అని మూడు రోగాలు లెక్కపెట్టుకుని టెన్షన్ పడ్డాను.

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడ్డవే. టైరు పెద్దదైతే అదే స్పీడుకు ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, అంటే తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బరువు లాగాలి. అలా గొణుక్కుంటూ లాగితే వేడి ఎక్కువ పుడుతుంది, ఫ్యానూ వాటర్ పంపూ మాత్రం నెమ్మదిగా తిరుగుతుంటాయి. ఆ వేడికి బానెట్ కింద పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. కాబట్టి కూలింగ్, ఏక్సిల్, ఫ్యూయల్ సిస్టమ్‌లను మూడు వేరే పనులుగా చూడకండి. నేను చెప్పే వరస ఇది: ముందు కూలింగ్, ఎందుకంటే అది తప్పితే ఇంజినే మిగలదు. తర్వాత ఏక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క), ఎందుకంటే ఇంజిన్ మీద ఎంత బరువు పడాలో తేల్చేది అదే. ఫ్యూయల్ చివర. ఒక్క మినహాయింపు ఉంది: పాత రబ్బరు పెట్రోల్ పైపులు. అవి ఏ వరసలోనూ ఆగవు, బండి ఇంటికొచ్చిన రోజే మార్చేయాలి. గోరుతో నొక్కితే పగుళ్లు కనిపించే పైపు పెట్టుకుని రేడియేటర్ గురించి ఆలోచించడం అనవసరం.

కొనేముందు కొలవండి

డ్యాష్‌బోర్డులో ఉన్న పాత మీటర్‌ను నమ్మకండి. చాలా బండ్లలో అది సన్నగీతల మధ్య ఊగే ముల్లే తప్ప నంబరు చూపదు, ఎర్త్ సరిగా లేకపోయినా పైకీ కిందికీ పోతుంది. నంబర్లున్న మెకానికల్ గేజ్ ఒకటి బిగించండి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) హౌసింగ్ మీద, రేడియేటర్ పైహోస్ దగ్గర, కిందిహోస్ దగ్గర చూసి రాసుకోండి. రేడియేటర్ ముఖమంతా అడ్డంగా నిలువుగా కొలిస్తే మధ్యలో చల్లటి మచ్చలు దొరుకుతాయి. అక్కడ ట్యూబులు మూసుకుపోయినట్టే.

ఎప్పుడు వేడెక్కుతోందన్నది సగం జవాబు చెప్పేస్తుంది. ట్రాఫిక్‌లో, ఐడిల్‌లో వేడెక్కి, రోడ్డెక్కి స్పీడందుకోగానే చల్లబడుతుంటే గాలి చాలడం లేదు: ఫ్యాన్, ఫ్యాన్ క్లచ్, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) చూడండి. నిలబడ్డప్పుడు బాగానే ఉండి స్పీడులో, లోడులో వేడెక్కుతుంటే నీళ్ల ప్రవాహమో రేడియేటర్ సామర్థ్యమో చాలడం లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. దానికి బ్లాక్ టెస్టర్ అని ఒక చిన్న గొట్టం దొరుకుతుంది, అందులో నీలం ద్రవం పోసి రేడియేటర్ మూతి దగ్గర గాలి పీలిస్తే, సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి వస్తుంటే ఆ నీలం పసుపవుతుంది. ఈ పరీక్ష చేయకుండా కొత్త రేడియేటర్ కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకోటి, వేడికి కారణం కూలింగ్ సిస్టమే కానక్కర్లేదు. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉంటే, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపు ఊడిపోయి ఉంటే, పెట్రోలు-గాలి మిక్చర్ మరీ పలచగా ఉంటే, బ్రేకు పట్టేసి ఉన్నా సరే ఇంజిన్ వేడెక్కుతుంది. టైమింగ్ లైట్ పెట్టి చూడటానికి పది నిమిషాలు పడుతుంది, ముందు అది చూసేయండి.

కూలింగ్

మొదట కడగడం. రేడియేటర్ కింది ట్యాప్ విప్పితే సిస్టమ్‌లో సగం నీళ్లే పోతాయి, మిగతాది ఇంజిన్ బ్లాకులోనే ఉంటుంది. బ్లాకుకు పక్కన డ్రెయిన్ ప్లగ్‌లు ఉంటాయి, అవి విప్పాలి. విప్పినా ఏమీ కారకపోతే సంతోషించకండి, లోపల తుప్పు బురద గడ్డకట్టిందని అర్థం. సన్నటి తీగతో పొడిచి, నీళ్ల పైపు పెట్టి ముందుకూ వెనక్కీ కడిగితే కాఫీ రంగు నీళ్లు వచ్చి వచ్చి చివరికి తేటపడతాయి. బురద ఎప్పుడూ బ్లాకు వెనక భాగంలో, అట్టడుగున చేరుతుంది, వెనక సిలిండర్లకు ముందు వేడి తగిలేది అందుకే. బురదతో ఉన్న బ్లాకుకు కొత్త రేడియేటర్ తగిలిస్తే ఆ బురదంతా నెల తిరక్కుండా కొత్త ట్యూబుల్లో ఉంటుంది.

రేడియేటర్ మార్చాల్సి వస్తే రాగి-ఇత్తడా, అల్యూమినియమా అన్న ప్రశ్న వస్తుంది. వేడిని రాగి బాగా లాగుతుంది, కానీ దాని ట్యూబులు సన్నగా ఉంటాయి, అతుకులన్నీ సోల్డర్. అల్యూమినియంలో ట్యూబు వెడల్పుగా చేయొచ్చు, ఫిన్నులకు ఎక్కువ భాగం ఆనుతుంది, బరువూ తక్కువ. రెండు వరసల వెడల్పు ట్యూబుల అల్యూమినియం రేడియేటర్ నాలుగు వరసల పాత రాగిదానితో సమానంగా, ఒక్కోసారి మేలుగా పనిచేస్తుంది, కాబట్టి వరసలు మాత్రమే లెక్కపెట్టి కొనకండి. మరమ్మతు విషయంలో రాగిదే సుఖం, ఎక్కడైనా అతికించవచ్చు. కుదుపులు ఎక్కువుండే పనికి అల్యూమినియం పెడుతుంటే కింద రబ్బరు మెత్తలు తప్పకుండా వేయండి, నేరుగా ఫ్రేముకు బిగిస్తే అతుకుల దగ్గర చీలుతుంది.

మూత చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. ప్రతి పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడికీ నీళ్లు మరిగే వేడి దాదాపు 1.5 డిగ్రీలు పైకి పోతుంది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, అదే 15 పీఎస్ఐ మూత కింద 129 వరకూ ఓర్చుకుంటుంది. మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే ఆ 22 డిగ్రీల కవచం మొత్తం పోయినట్టే. అలాగని 7 పీఎస్ఐకి తయారైన పాత రేడియేటర్ మీద 15 మూత పెట్టకండి, పై ట్యాంకు అతుకు ఊడుతుంది, లేదంటే హీటర్ కోర్ కారి కాళ్ల మీద పడుతుంది.

థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుందన్నది ఎంత చెప్పినా పోని నమ్మకం. థర్మోస్టాట్ చేసే పని ఇంజిన్ ఎంత కంటే తక్కువ చల్లబడకూడదో చూడటం, అంతే. 91 డిగ్రీలది తీసి 71 డిగ్రీలది పెట్టినా, రేడియేటర్ చాలని బండి 110కి పోయే తీరుతుంది, కొంచెం ఆలస్యంగా. పూర్తిగా తీసేస్తే ఇంజిన్ చల్లగా నడిచి ఆయిల్ బురద కడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. 82 లేదా 91, కంపెనీ మాన్యువల్ ఏది చెబితే అది పెట్టండి. కొత్తదైనా సరే గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి, ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందో చూసి మరీ బిగించండి, కొత్తవి కూడా మొండికేస్తాయి. అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేసి అది పైకి ఉండేలా పెడితే నింపేటప్పుడు గాలి బయటికి పోతుంది.

ఇక నా మూర్ఖత్వం. పైన చెప్పిన ఎత్తు రోడ్డు తర్వాత నేను రేడియేటర్ మార్చాను, థర్మోస్టాట్ మార్చాను, వాటర్ పంపు మార్చాను, అయినా స్పీడులో వేడి తగ్గలేదు. ఒకరోజు బానెట్ తెరిచి పెట్టి యాక్సిలరేటర్ తొక్కమని పక్కవాడికి చెప్పి చూస్తే, కింది హోస్ ఎండిన బీరకాయలా లోపలికి పీల్చుకుపోతోంది. కింది హోస్ పంపు లాగే వైపున ఉంటుంది, మెత్తబడితే ఎక్కువ ఆర్‌పీఎంలో ముడుచుకుని నీళ్లు ఆపేస్తుంది. లోపల ఉండాల్సిన స్ప్రింగ్ ఎప్పుడో తుప్పుపట్టి కరిగిపోయింది. ఒక హోస్ కోసం మూడు పార్టులు కొన్నాను. మీరు ముందు హోస్ పిండి చూడండి.

ఫ్యాన్ దగ్గర ముఖ్యమైనది ష్రౌడ్. అది లేని ఫ్యాన్ తన ముందున్న గాలినే తిప్పి తిప్పి కొడుతుంది, రేడియేటర్ మూలల్లోంచి గాలి లాగదు. రెక్కలు సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి, రెక్క కొనకూ అంచుకూ మధ్య ఒక అంగుళం దాకా సందు చాలు. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి అంతకంటే దగ్గరికి తేవద్దు. ఫ్యాన్ క్లచ్ ఉంటే ఇంజిన్ ఆపి చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా గిరగిరా తిరుగుతుంటేనో, మధ్యలో నూనె చార కనిపిస్తుంటేనో దాని పని అయిపోయింది. రేడియేటర్ చుట్టూ ఉన్న ఖాళీలు రబ్బరు పట్టీతో మూయండి, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరిన దుమ్మూ పురుగులూ కడగండి. ఈ రెండూ ఖర్చులేని పనులు, చాలా బండ్లు వీటితోనే కుదుటపడతాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలా? నా ఉద్దేశంలో బరువు లాగే ట్రక్కుకు మంచి క్లచ్‌తో, ష్రౌడ్‌తో ఉన్న బెల్టు ఫ్యానే మేలు. పెద్ద బెల్టు ఫ్యాన్ లాగినంత గాలి లాగాలంటే ఎలక్ట్రిక్‌లో పెద్దవి రెండు కావాలి, అవి తిరగడం మొదలుపెట్టగానే పాత ఆల్టర్నేటర్ చేతులెత్తేస్తుంది. చోటు లేకో, నీళ్లలో దిగే బండి అనో పెట్టాల్సే వస్తే, ప్రతి ఫ్యాన్‌కూ విడిగా రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, మందపాటి వైరు, ఇంజిన్‌కు బలమైన ఎర్త్ ఉండాలి. డ్యాష్‌బోర్డ్ స్విచ్ గుండా నేరుగా ఫ్యాన్ కరెంటు పంపితే స్విచ్చే కరుగుతుంది.

కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, బోరు నీళ్లలోని ఉప్పులే ట్యూబుల్లో పొరకడతాయి. రెండు రకాల కూలెంట్‌లను కలపొద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే దాని ఆయిల్ కూడా రేడియేటర్ అడుగులోనే చల్లబడుతుందని గుర్తుంచుకోండి. విడిగా ఒక ఆయిల్ కూలర్ ముందు పెడితే రేడియేటర్‌కూ గేర్‌బాక్స్‌కూ ఇద్దరికీ ఊరట.

ఏక్సిల్

ఇప్పుడు లెక్క. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1333 మీటర్లు. 31 అంగుళాల టైరు ఒక చుట్టుకు 2.47 మీటర్లు పోతుంది, అంటే నిమిషానికి 539 చుట్లు. నా బండి రేషియో 3.73, టాప్ గేరు సూటిగా 1:1, కాబట్టి ఇంజిన్ 2010 ఆర్‌పీఎం. టైరు 35 చేయగానే చుట్టుకు 2.79 మీటర్లు, నిమిషానికి 477 చుట్లు, ఇంజిన్ 1780కి పడిపోయింది. 230 ఆర్‌పీఎం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, ఎత్తు మీద పాత ఇంజిన్‌కు అదే ఊపిరి. పాత పరిస్థితికి రావాలంటే 3.73ని 35తో గుణించి 31తో భాగించాలి: 4.21. ఆ నంబరు దొరకదు, దగ్గరలో ఉన్నవి 4.10, 4.56. ఖాళీగా తిరిగే బండైతే 4.10 చాలు. పెద్ద టైరు బరువూ ఎక్కువే, బండి ఎత్తు పెరిగి గాలి తగలడమూ ఎక్కువే, నాకు లోడు కూడా ఉంటుంది కనుక 4.56 తీసుకున్నాను, 80లో 2177 తిరుగుతోంది. అన్నట్టు, టైరు మార్చాక స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది, అది 80 అన్నప్పుడు నిజంగా పోతున్నది 90. కేబుల్ మీటరైతే గేర్‌బాక్స్ దగ్గర చిన్న ప్లాస్టిక్ గేరు మార్చితే సరిపోతుంది.

మీ రేషియో ఎంతో తెలియకపోతే, హౌసింగ్ బోల్టు కింద చిన్న రేకు బిళ్ల ఉందేమో చూడండి. దాన్ని పూర్తిగా నమ్మక్కర్లేదు, మధ్యలో ఎవరైనా లోపలి గేరు పళ్లు మార్చి ఉండొచ్చు. మామూలు డిఫరెన్షియల్ (ఏక్సిల్ మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు) అయితే ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి, రెండోది లేపి, అది సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆ లోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. కవర్ విప్పితే ఇంకా సులువు, క్రౌన్ వీల్ (పెద్ద గేరు) పళ్లను పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లతో భాగించండి: 41కి 11 అంటే 3.73, 41కి 9 అంటే 4.56.

ఉన్న ఏక్సిల్‌లో పళ్లు మాత్రమే మార్చాలా, ఏక్సిల్ మొత్తం మార్చాలా అన్నది బరువును బట్టి. ఇక్కడ తెలుసుకోవాల్సింది సెమీ ఫ్లోటింగ్, ఫుల్ ఫ్లోటింగ్ తేడా. సెమీ ఫ్లోటింగ్‌లో చక్రం ఏక్సిల్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, బండి బరువు మోసేదీ, చక్రాన్ని తిప్పేదీ ఆ షాఫ్టే. అది విరిగితే చక్రం బయటికి వచ్చేయొచ్చు. ఫుల్ ఫ్లోటింగ్‌లో హబ్ రెండు బేరింగుల మీద హౌసింగ్ గొట్టం చివర కూర్చుంటుంది, బరువంతా గొట్టం మోస్తుంది, షాఫ్ట్ పని తిప్పడం మాత్రమే. జాకీ ఎత్తకుండానే షాఫ్ట్ బోల్టులు విప్పి బయటికి లాగేయొచ్చు, విరిగినా బండి చక్రాల మీదే నిలబడుతుంది. బరువు మోసే ట్రక్కుకు నేను ఇది తప్ప ఇంకోటి చెప్పను.

అమెరికన్ పికప్‌లలో జనం వెతికేవి కొన్ని ఉన్నాయి. డానా 44లో క్రౌన్ వీల్ 8.5 అంగుళాలు, తేలిక బండికి చాలు. ఫోర్డ్ 9 అంగుళాలది 1957 నుంచి ఉంది, డిఫరెన్షియల్ మొత్తం ముందు నుంచి ఒక ముద్దగా ఊడి వస్తుంది, బల్ల మీద పెట్టి పళ్లు కూర్చోబెట్టుకోవచ్చు, పినియన్‌కు మూడో బేరింగ్ కూడా ఉంటుంది. దాని పినియన్ బాగా కిందికి ఉండటంతో పళ్లు జారుడు ఎక్కువ, కొంత శక్తి వేడిగా పోతుంది. డానా 60లో 9.75 అంగుళాలు, జీఎం 14 బోల్టుల ఏక్సిల్‌లో 10.5, ఇది 1973లో వచ్చింది. ఈ చివరిది దాదాపు విరగదు, కానీ కుంభంలాంటి దాని పొట్ట కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది, కొందరు అడుగు కోసి పలచ చేసుకునేది అందుకే. మీ దగ్గర దొరికే బండి ఏదైనా సరే, చూడాల్సింది పేరు కాదు, క్రౌన్ వీల్ ఎంత, షాఫ్ట్ ఎంత మందం, హబ్ ఎలా కూర్చుంది అన్నదే.

మార్చేటప్పుడు హబ్ ముఖం నుంచి హబ్ ముఖం వరకూ వెడల్పు, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మధ్య దూరం, చక్రం బోల్టుల వృత్తం, బ్రేకు పైపుల కొలత, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అన్నీ ముందే రాసుకోండి. కమాన్ కూర్చునే పీటలు కొత్తగా వెల్డ్ చేయాల్సి వస్తుంది. ఇక్కడ అందరూ తొందరపడతారు. పీటలు ముందు చుక్క వెల్డింగ్ కూడా పెట్టకుండా వదులుగా ఉంచి, చక్రాలు వేసి, బండి బరువు మొత్తం కమాన్ల మీద పడ్డాక పినియన్ కోణం చూసి, అప్పుడు చుక్క పెట్టాలి. రెండు క్రాసులున్న (యూనివర్సల్ జాయింట్లున్న) మామూలు షాఫ్ట్‌కు గేర్‌బాక్స్ వైపు కోణమూ పినియన్ వైపు కోణమూ సమానంగా ఉండాలి, ఒక్కో క్రాసు దగ్గర 1 నుంచి 3 డిగ్రీలు మంచిది. సున్నా కూడా వద్దు, క్రాసులోని సూది బేరింగులు కదలక ఒకేచోట గుంట పడతాయి. కోణం సరిపోయాక ఏక్సిల్ దింపి పూర్తి వెల్డింగ్ చేయండి, అదీ ముక్కలు ముక్కలుగా, చల్లారనిస్తూ. ఒకేసారి లాగించేస్తే గొట్టం వంగుతుంది. యూ బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు, ఒకసారి సాగిన బోల్టు పట్టు నిలవదు.

పళ్లు కూర్చోబెట్టే పని మీరే చేయాలనుకుంటే ఆపను గానీ, డయల్ గేజ్, ప్రెస్సు, ఓపిక మూడూ ఉంటేనే దిగండి. పినియన్ లోతు షిమ్ములతో (పలచటి రేకు వాషర్లతో) కుదర్చాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) చాలావాటికి 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, పళ్లకు రంగు పూసి తిప్పి ముద్ర పన్ను మధ్యలో పడుతోందో లేదో చూడాలి. ముద్ర పన్ను మొదట్లోకో అంచుకో జరిగితే విప్పి మళ్లీ మొదలు. నేను ఒకచోట ఇచ్చి చేయించాను, నెల రోజులకే 70 దాటగానే ఊళ పెట్టింది. విప్పి చూస్తే రంగు పూసి చూసిన ఆనవాలే లేదు, పాత షిమ్ములే తిరిగి వేసేశారు. చేయించేవాళ్లు రంగు ముద్ర ఫొటో అడిగి తీసుకోండి.

కొత్త పళ్లను మచ్చిక చేసుకోవాలి. మొదటిసారి 25, 30 కిలోమీటర్లు మెల్లగా తోలి పూర్తిగా చల్లారనివ్వండి, అలా రెండు మూడుసార్లు. 800 కిలోమీటర్ల వరకూ బరువు లాగొద్దు, అక్కడ ఆయిల్ మార్చేయండి, అందులో సన్నటి ఇనుప పొడి కనిపించడం మామూలే. చాలావాటికి జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఆయిల్ సరిపోతుంది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే జారి తిరగకుండా చూసే డిఫరెన్షియల్) ఉంటే దాని అడిటివ్ కూడా కలపాలి, లేకపోతే మలుపుల్లో గరగరమంటుంది. అదే డబ్బాను పాత మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోసేయకండి, జీఎల్-5లోని గంధకం కొన్ని పాత ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది. ఏక్సిల్ పైన ఉండే బ్రీదర్ మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీళ్లలోంచి ఆయిల్ తోస్తుంది, కొత్త సీల్ వేసినా కారుతోందంటే అక్కడే చూడండి.

ఫోర్ వీల్ బండైతే ముందు రేషియో, వెనక రేషియో ఒకటే ఉండాలి. 4.10కి 4.11 పరవాలేదు, 3.73కి 4.10 పెట్టి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఏక్సిళ్లకు శక్తి పంచే గేర్ల పెట్టె) పగులుతుంది.

ఫ్యూయల్

ముందు జాగ్రత్త: బ్యాటరీ నెగటివ్ తీయండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి, తలుపులు మూసిన షెడ్డులో చేయకండి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని వెల్డింగ్ పెట్టకండి. ఆవిరితో ఉన్న ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

పైపులన్నీ ఒకటి కావు. పైపు మీద అచ్చు చూడండి: ఎస్ఏఈ 30ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ లాంటి తక్కువ ఒత్తిడికి, 30ఆర్9 అయితే ఇంజెక్షన్‌కు, 30ఆర్10 ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండేందుకు. మామూలు పైపు ట్యాంకు లోపల వేస్తే బయటి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును త్వరగా తింటుంది, ట్యాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న మడ్డిని కూడా ఊడదీసి ఫిల్టర్‌కు తెస్తుంది. అందుకే ట్యాంకు దించి లోపల టార్చి వేసి చూడకుండా కొత్త పంపు కొనొద్దు. లోపల తుప్పు పొరలుగా లేస్తుంటే ట్యాంకే మార్చండి, పూత మందులు కొన్నాళ్లకు రేకుల్లా ఊడి ఇంకో తలనొప్పి తెస్తాయి. ఇనుప లైన్ తుప్పుపడితే ఉక్కుదో, నికెల్-కాపర్‌దో వేయండి. ఉత్త రాగి గొట్టం వద్దు, కుదుపులకు గట్టిపడి పగులుతుంది.

కార్బురేటర్ ఉంచుకునేవాళ్లకు 4 నుంచి 7 పీఎస్ఐ చాలు. అంతకు మించితే నీడిల్ వాల్వ్ ఆపలేక పెట్రోలు పొంగుతుంది. వేడి ఇంజిన్ స్టార్ట్ కాకపోవడానికి, నాకు ఆ రోజు జరిగినదానికి, మందు పెద్ద పంపు కాదు. లైన్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపడం, కార్బురేటర్ కింద వేడి ఎక్కని ఫినాలిక్ స్పేసర్ పెట్టడం, ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ లైన్ వేయడం. రిటర్న్ ఉంటే పెట్రోలు ఒకేచోట నిలబడి కాగదు, ఆవిరి కూడా ట్యాంకుకు పోతుంది. ఈ మూడూ చేశాక నాది మండుటెండలో కూడా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది, కార్బురేటర్ ఇప్పటికీ అదే.

కార్బురేటర్ తీసి థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్ (పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా చిమ్మేది) పెట్టాలనుకుంటే అసలు పని ఇంజిన్ మీద కాదు, ట్యాంకు దగ్గర. ఇలాంటి కిట్లు చాలావాటికి 58 పీఎస్ఐ దాకా కావాలి, పాత లైను, పాత పంపు ఏదీ పనికిరాదు. పంపు ట్యాంకు లోపలుంటే పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది, శబ్దమూ ఉండదు. బయట పెట్టాల్సి వస్తే ట్యాంకు అడుగు మట్టానికి కిందగా, ట్యాంకుకు దగ్గరగా ఉండాలి, ఈ పంపులు నెట్టగలవు గానీ లాగలేవు. పంపుకు ముందు 100 మైక్రాన్ల ఫిల్టర్, తర్వాత 10 మైక్రాన్లది. తారుమారు చేస్తే పంపు పెట్రోలు అందక నెలల్లో కాలిపోతుంది. సైజు లెక్క కూడా కష్టం కాదు: 300 హార్స్‌పవర్ ఇంజిన్ ఫుల్ లోడులో గంటకు 90 లీటర్లకు అటూఇటూగా తాగుతుంది. 255 లీటర్ల పంపు దానికి ధారాళం, ఇంకా పెద్దది పెడితే మిగిలిన పెట్రోలు తిరిగి తిరిగి ట్యాంకు వేడెక్కడం తప్ప లాభం లేదు.

కరెంటు దగ్గర పొదుపు చేయకండి. కిట్ బాక్సుకు వైర్లు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, ఇగ్నిషన్ కాయిల్ వైర్ల పక్కనుంచి పోకూడదు. పంపుకు రిలే, ఫ్యూజు, యాక్సిడెంట్ అయితే ఆపేసే ఇనర్షియా స్విచ్ తప్పనిసరి, బండి బోల్తాపడ్డా పంపు 58 పీఎస్ఐతో పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదు కదా. ఆక్సిజన్ సెన్సర్‌ను ఎగ్జాస్ట్ పైపు పక్కన పైకి వాలినట్టు, అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు ఎత్తులో బిగించండి, కిందికి ఉంటే చెమ్మ చేరి లోపలి పింగాణీ పగులుతుంది. దానికి ముందు ఎగ్జాస్ట్ లీకు ఉంటే సెన్సర్ బయటి గాలిని చూసి పెట్రోలు తక్కువైందనుకుని పోస్తూనే ఉంటుంది. కిట్ బాగాలేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది బండ్లకు ఈ లీకో, ఎర్తో అసలు కారణం.

డీజిల్ బండైతే కథ వేరు. అక్కడ శత్రువులు గాలి, నీళ్లు. వాటర్ సెపరేటర్ ఉన్న పెద్ద ఫిల్టర్ పెట్టి, అడుగు ట్యాప్ వారానికోసారి విప్పి చూడండి. పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయిస్తుంటే పంపుకు ముందు కొద్దిసేపు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూస్తే బుడగలు కనిపిస్తాయి, అంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో గాలి పీలుస్తోంది. గంధకం తక్కువున్న నేటి డీజిల్‌కు పాత పంపు సీళ్లు కుంచించుకుని కారడం మామూలే, కొత్త రకం సీళ్లతో పోతుంది. పంపు స్క్రూ తిప్పి పవర్ పెంచుకునే ముందు టర్బో బండైతే ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీటర్ పెట్టండి. టర్బోకు ముందు 700 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు నిలబడితే పిస్టన్‌లు కరిగే ప్రమాదం మొదలవుతుంది, నల్లటి పొగ చూసి మురిసిపోయేలోపే.

అన్నీ బిగించాక మొదటి రోజు పక్కనే తిరగండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు లైన్ల అతుకులన్నీ టార్చి వేసి వేలితో తడిమి చూడండి. ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూస్తే కొంచెం దిగి ఉంటుంది, లోపలున్న గాలి బయటికి పోయిందన్నమాట, నింపండి. 100 కిలోమీటర్లకు యూ బోల్టులు, చక్రం నట్లు మళ్లీ టార్క్ రెంచితో బిగించండి. నావి రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.